చీటీ రాని పాట

ఈ వారం మీకు ఆరు పాటల గురించి చెప్తాను. ఆరూ ఒకే మనిషి పాడినవి. పేరు రికీ నెల్సన్. మన అమ్మమ్మల వయసున్న అమెరికా ఆడవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఇతని ఫొటో గదిలో గోడకి అంటించుకున్నవాళ్లే. మనవైపు మాత్రం ఈ పేరు తెలిసినవాళ్లు తక్కువ.

నాకూ ఇంజనీరింగ్ థర్డియర్ దాకా తెలీదు. తెల్లారితే ఇంటర్నల్ ఎగ్జామ్ పెట్టుకుని, ఒక రాత్రి హాస్టల్లో నలుగురం ఒకే లాప్‌టాప్ ముందు చేరి ‘పల్ప్ ఫిక్షన్’ చూశాం. అందులో ఒక హోటల్ సీను ఉంటుంది. సర్వర్లందరూ పాతకాలం స్టార్ల వేషాల్లో తిరుగుతుంటారు. స్టేజీ మీద ఒకడు గిటార్ పట్టుకుని పాడుతుంటాడు. వాడిది రికీ నెల్సన్ వేషం. అంటే డూప్ అన్నమాట. కాసేపటికి హీరో హీరోయిన్లు కబుర్లు చెప్పుకుంటుంటే వెనక ఇంకో పాట సన్నగా మొదలవుతుంది. ఆ గొంతు మాత్రం అసలు రికీదే.

మావాళ్లంతా ఎప్పుడెప్పుడు డాన్సు సీను వస్తుందా అని చూస్తున్నారు. నేను ఆ వెనకపాట దగ్గరే ఆగిపోయాను. ఎవరీ మనిషి, ఇంత మెల్లగా, పక్క మంచం మీదవాడికి నిద్ర చెడిపోతుందేమో అన్నట్టు పాడుతున్నాడు? మర్నాడు పరీక్ష ఎలా రాశానో అడక్కండి.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. అసలు పేరు ఎరిక్ హిలియర్డ్ నెల్సన్. 1940 మే 8న పుట్టాడు. నాన్న ఆజీ నెల్సన్ లా చదివి, బ్యాండు పెట్టుకున్నాడు. 1930ల్లో ఆయన బ్యాండుకి మంచి పేరు. అమ్మ హారియట్ అదే బ్యాండులో గాయని. 1944లో ఆ దంపతులు తమ ఇంటి సంగతుల్నే సరదా కథలుగా రేడియోలో మొదలుపెట్టారు. మొదట్లో పిల్లల పాత్రలు వేరే బాలనటులు వేసేవారు. 1949 నుంచి సొంత కొడుకులు డేవిడ్, రికీ దిగారు. 1952 అక్టోబర్‌లో ఆ కార్యక్రమం ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ఆజీ అండ్ హారియట్’ పేరుతో టీవీకెక్కింది. 1966 దాకా 435 ఎపిసోడ్లు నడిచింది.

మా తరానికి ఆదివారం రాత్రి ‘అమృతం’ ఎలాగో, వాళ్లకి ఇది అలాగ. కాకపోతే ఒక తేడా ఉంది. అమృతరావు కెమెరా ఆపగానే వేరే మనిషైపోతాడు. నెల్సన్లు అలా కాదు. తెరమీద ఉన్నది అదే నాన్న, అదే అమ్మ, అదే అన్న, అవే పేర్లు. బయటినుంచి చూపించే ఇల్లు కూడా హాలీవుడ్‌లో వాళ్లు నిజంగా కాపురమున్న ఇల్లే. కథల రచనలో పెద్ద చెయ్యి నాన్నది, డైరెక్షన్ నాన్నది, నిర్మాణం నాన్నది. అంటే ఆ పిల్లాడు ఇంట్లో ఏం మాట్లాడాలో నాన్నే రాసిచ్చేవాడు. తొమ్మిదో ఏట మొదలైన ఆ వేషం ఇరవై ఆరో ఏట దాకా ఆగలేదు.

ఇది తెలిశాక నాకు ఆ కుర్రాడంటే ఎందుకో దగ్గరితనం పుట్టింది. కారణం ఉంది. తర్వాత చెప్తా. ముందు పాటలు.

మొదటిది: ‘అయామ్ వాకిన్’

1957 సంగతి. రికీకి పదహారేళ్లు. గర్ల్‌ఫ్రెండ్‌ని కార్లో దింపుతుంటే రేడియోలో ఎల్విస్ ప్రెస్లీ పాట వచ్చిందట. ఆ అమ్మాయి మురిసిపోయింది. ఇతనికి మండింది. “నేనూ రికార్డు చేస్తున్నా” అని కోసేశాడు. ఆమె నవ్విందిట. ఇది తర్వాత్తర్వాత అతనే చెప్పుకున్న కథ. కోసిన మాట నిలబెట్టుకోడానికి నాన్న దగ్గరికి వెళ్లాడు. నాన్న బ్యాండ్‌మాస్టర్ కదా, దారి చూపించాడు. మార్చిలో రికార్డింగ్ అయింది. ఫ్యాట్స్ డొమినో అనే గొప్ప నల్లజాతి గాయకుడు అప్పటికే హిట్ చేసిన పాటని ఎంచుకున్నాడు.

ఏప్రిల్ 10న ‘రికీ ద డ్రమ్మర్’ అనే ఎపిసోడ్‌లో ఆ పాట పాడాడు. దెబ్బకి దేశంలో టీనేజర్లందరికీ తెలిసిపోయాడు. ఇప్పుడు వింటే ఆ పాటలో తడబాటు వినిపిస్తుంది. డొమినో పాడితే పెద్దమనిషి పంచె సర్దుకుని దర్జాగా నడిచినట్టుంటుంది. రికీ పాడితే కొత్త చెప్పులు తొడుక్కున్న పిల్లాడి నడక. నాకు ఆ తడబాటే ఇష్టం. 435 ఎపిసోడ్లలో రాసిపెట్టిన మాటలు చెప్పినవాడు, ఇక్కడ మాత్రం పడతానేమో అని భయపడుతూ సొంతంగా నడిచాడు.

మా ఇంట్లో కూడా 1957 మార్చికి ఒక విలువుంది. ఆ నెలలోనే మన ‘మాయాబజార్’ విడుదలైంది. మా నాన్నకి తెనాలిలో ఆర్కెస్ట్రా ఉంది. పెళ్లిళ్లు, రిసెప్షన్లు, వినాయకచవితి పందిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు. ఆయన కీబోర్డు వాయిస్తారు. నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు మాయాబజార్‌లో ఘటోత్కచుడి భోజనం పాట నాచేత పాడించారు. పొట్టకి దిండు కట్టి, అట్టముక్కతో గద చేసి, కాటుకతో మీసాలు దిద్ది. మాధవపెద్ది సత్యంగారి ఆ నవ్వుని బొంగురుగొంతుతో నవ్వితే పందిరంతా గొల్లుమనేది. రెండు జిల్లాల్లో నన్ను ‘బుల్లి ఘటోత్కచుడు’ అనేవాళ్లు. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. గచ్చిబౌలిలో పేమెంట్స్ సాఫ్ట్‌వేర్‌కి కోడు రాస్తాను. పెళ్లికి వెళ్తే ఇప్పటికీ ఎవరో ఒక బాబాయి భుజం మీద చెయ్యేసి, “ఏదీ, ఒకసారి ఆ నవ్వు నవ్వరా” అంటాడు.

రెండోది: ‘పూర్ లిటిల్ ఫూల్’

బిల్‌బోర్డ్ పత్రిక ‘హాట్ 100’ అనే పట్టికని మొదలుపెట్టింది 1958 ఆగస్ట్ 4న. ఇప్పటికీ అమెరికాలో ఏ పాట ఎంత ఆడిందో చెప్పేది అదే. ఆ మొట్టమొదటి పట్టికలో ఒకటో నంబరు ఎల్విస్‌ది కాదు, ఈ పాటది.

రాసింది షారన్ షీలీ. పద్దెనిమిదేళ్ల అమ్మాయి. పాట పట్టుకుని రికీ ఇంటి ముందుకి వచ్చి, కారు చెడిపోయిందని వంక పెట్టి, మాటల్లో పెట్టి వినిపించిందని ఆమె చెప్పుకునేది. అమ్మాయిల్ని ఆటపట్టించిన కుర్రాడు చివరికి తనే ప్రేమలో మోసపోతాడు. అంతే కథ. ఇందులో గొప్పేముంది అంటారా? పాడిన తీరు. ఏడవడు, అరవడు. “నాకిలా జరిగింది” అని నవ్వీనవ్వనట్టు చెప్తాడు. ఆ రోజుల్లో రాక్ అండ్ రోల్ అంటే ఊగిపోవడం. ఇతను కదలకుండా నిలబడి పాడాడు. నడుము తిప్పని ఎల్విస్ కాబట్టి తల్లిదండ్రులకి కూడా నచ్చాడు. మరి పిల్లలకెందుకు నచ్చాడు? వాళ్లకి ఆ నిలబడటంలో ఇంకేదో కనపడింది. నాకూ అదే కనపడుతుంది. స్టేజీ మీద బిడియపడేవాడు దాన్ని దాచుకోకుండా పాడటం.

మూడోది: ‘లోన్‌సమ్ టౌన్’

హాస్టల్లో నన్ను ఆపేసిన పాట ఇదే. ఇదీ 1958 పాటే. బేకర్ నైట్ రాశాడు. ఒక గిటారు, వెనక కొన్ని గొంతులు, అంతే. గుండె పగిలినవాళ్లందరూ వెళ్లి ఉండే ఊరొకటి ఉందని ఊహ. అక్కడ ఏడవడానికి అద్దె కట్టక్కర్లేదు, ఎవరూ ఎందుకని అడగరు, అన్నట్టుంటుంది ఆ వాతావరణం.

పద్దెనిమిదేళ్లవాడు పాడాడంటే నమ్మబుద్ధి కాదు. మనకి విషాదగీతం అంటే ఆలాపన ఉండాలి, గొంతు తారాస్థాయికి వెళ్లాలి, వయొలిన్లు కమ్ముకోవాలి. ఇందులో ఏవీ లేవు. కిందిస్థాయిలోనే మొదలై అక్కడే ముగుస్తుంది. హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో పీజీ హాస్టల్లో ఆరోజు ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదని పడుకునేముందు గుర్తొచ్చే రాత్రులుంటాయి చూడండి. ఆ రాత్రులకి ఇది సరిపోతుంది. రికీ పోయాక 1986లో బాబ్ డిలాన్ తన కచేరీల్లో ఈ పాట పాడాడు. 1999లో పాల్ మెకార్ట్నీ రికార్డు చేశాడు. అంతటివాళ్లకి నచ్చిందని చెప్పడం కాదు నా ఉద్దేశం. ‘టీవీ కుర్రాడి పాటలు’ అని తీసిపారేసినవాళ్లకి ఇదొక జవాబు.

నాలుగోది: ‘హలో మేరీ లూ’

1961లో ఒక రికార్డు వచ్చింది. ఒకవైపు ‘ట్రావెలిన్ మ్యాన్’, రెండోవైపు ‘హలో మేరీ లూ’. మొదటిది ఒకటో నంబరుకి వెళ్లింది. రెండోదీ టాప్ 10లోకి వచ్చింది. ‘ట్రావెలిన్ మ్యాన్’ రాసిన జెర్రీ ఫుల్లర్ మొదట దాన్ని శామ్ కుక్ కోసం పంపాడు. అక్కడ చెత్తబుట్టలో పడేసిన టేపు, పక్కగదిలో ఉన్న రికీ బ్యాండువాళ్ల చెవినపడి ఇటు వచ్చిందని ఫుల్లర్ చెప్పే కథ. దేశదేశాల్లో ప్రియురాళ్లున్న ఓడమనిషి లాంటివాడి పాట అది. దాన్ని టీవీలో చూపించేటప్పుడు నాన్న ఆజీ, కొడుకు పాడుతున్న బొమ్మ మీద ఆయా దేశాల దృశ్యాలు కలిపాడు. మ్యూజిక్ వీడియోలకి అదే తొలిరూపాల్లో ఒకటని చాలామంది అంటారు. ఎంటీవీ పుట్టడానికి ఇరవయ్యేళ్ల ముందు మాట!

కానీ నా ఓటు రెండోవైపుకి. ‘హలో మేరీ లూ’ రాసింది జీన్ పిట్నీ. మొదట్లో ‘టంగ్ టంగ్’మని గంట లాంటి చప్పుడు, తర్వాత పాట, మధ్యలో జేమ్స్ బర్టన్ గిటారు. ఈ బర్టన్ గురించి చెప్పాలి. రికీ కంటే కొన్ని నెలలే పెద్ద. లూసియానా కుర్రాడు. రికీ ఇతని వాయింపు విని బ్యాండులోకి తెచ్చుకున్నాడు. కొంతకాలం నెల్సన్ల ఇంట్లోనే ఉన్నాడు బర్టన్. 1969 నుంచి ఎల్విస్ చనిపోయేదాకా ఎల్విస్ పక్కన గిటార్ వాయించింది ఇతనే. రాక్ గిటార్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ మేరీ లూ పాటలో ఆ చిన్న ముక్కని పట్టుకుని కుస్తీ పడుతుంటారు. నేనూ పడ్డాను. రెండేళ్లయింది, ఇంకా రాలేదు.

నాన్నకి ఫోన్లో ఈ పాట వినిపించాను ఒకసారి. ఇంగ్లీషు పాటలు ఆయన వినరు. గిటారు ముక్క దగ్గర మాత్రం, “ఒరేయ్, వీడు పాటని తొక్కకుండా పక్కన నడుస్తున్నాడ్రా” అన్నారు. నేను పది వ్యాసాలు చదివి తెలుసుకున్నది ఆయన పదిహేను సెకన్లలో చెప్పేశారు.

ఐదోది: ‘టీన్ ఏజ్ ఐడల్’

1958 డిసెంబర్‌లో ‘లైఫ్’ పత్రిక రికీని ముఖచిత్రంగా వేసింది. ‘టీనేజ్ ఐడల్’ అనే మాట అతనితోనే వాడుకలోకి వచ్చిందంటారు. 1961లో ఇరవై ఒకటి నిండగానే పేరులోంచి చివరి అక్షరం తీసేసి ‘రిక్’ అయ్యాడు. పిల్లాడి పేరు వద్దు, పెద్దవాడి పేరు కావాలనుకున్నాడు. కానీ జనం వింటేగా. టీవీలో అతనింకా రికీయే.

ఆ మరుసటేడు వచ్చిన పాట ఇది. అందరూ అసూయపడే స్టార్‌కి ఒక ఊరంటూ ఉండదు, నిలకడగా ఉండే మనిషుండరు అని చెప్తుంది. పాటగా చూస్తే మిగతావాటికంటే ఒక మెట్టు తక్కువే. అయినా నా జాబితాలో ఎందుకుందంటే, తన గురించి తను నిజం చెప్పడానికి రిక్ చేసిన మొదటి ప్రయత్నం ఇది. ఇంకొకడు రాసిచ్చిన మాటలతోనే చెప్పాల్సి వచ్చింది, పాపం.

1964లో బీటిల్స్ అమెరికాలో దిగారు. ఒక్క ఏడాదిలో పాత ఐడల్స్ అందరూ నిజంగానే పాతైపోయారు. 1966లో టీవీ కార్యక్రమం ఆగింది. ఇరవై ఆరేళ్లకే రిక్ నెల్సన్ ‘ఒకప్పటి’ మనిషయ్యాడు. నా కంటే రెండేళ్లు చిన్న వయసులో! చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఇతను ఆగలేదు. 1969లో ‘స్టోన్ కాన్యన్ బ్యాండ్’ పెట్టాడు. జానపదం కలిసిన కంట్రీ సంగీతాన్ని రాక్‌తో జత చేశాడు. తర్వాత ఆ దారిలోనే ‘ఈగిల్స్’ పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆ ఈగిల్స్‌ని మొదలుపెట్టిన నలుగురిలో ఒకడు, ర్యాండీ మైస్నర్, అంతకుముందు రిక్ బ్యాండులో వాడే. జుట్టు పెంచాడు, బెల్‌బాటమ్‌లు వేశాడు, సొంతంగా పాటలు రాయడం మొదలుపెట్టాడు.

ఆరోది: ‘గార్డెన్ పార్టీ’

1971 అక్టోబర్ 15. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్. పాతకాలం రాక్ అండ్ రోల్ స్టార్లందరితో పెద్ద కచేరీ. చక్ బెర్రీ, బో డిడ్లీ, బాబీ రైడెల్ వచ్చారు. రిక్‌నీ పిలిచారు. భుజాలదాకా జుట్టుతో వెళ్లాడు. ముందు పాత పాటలు పాడాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత కొత్తవి అందుకున్నాడు. రోలింగ్ స్టోన్స్ పాట ఒకటి పాడుతుంటే హాల్లో గోల మొదలైంది. ‘బూ’ అని అరిచారు. వెనకవరసల్లో తాగి అల్లరి చేస్తున్నవాళ్లని పోలీసులు బయటికి పంపుతుంటే, వాళ్ల మీద అరిచిన అరుపులని కొందరంటారు. ఏదైనా కావచ్చు. స్టేజీ మీద నిలబడ్డవాడికి అది తనకే తగిలింది. దిగి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి తలుపేసుకుని కూర్చోలేదు. ఆ రాత్రి మీదే పాట రాశాడు. ఇంకొకరెవరో రాసివ్వలేదు. ఆ కచేరీని ఒక తోట విందుగా మార్చి, అక్కడికొచ్చిన పాత స్నేహితుల్ని మారుపేర్లతో, సైగలతో చూపించి, తనని ఎవరూ గుర్తుపట్టని సంగతి నవ్వుతూ చెప్పాడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఎదుటివాళ్ల మెప్పూ, మన మనసూ రెండూ కలవనప్పుడు ఏం చెయ్యాలో తేల్చుకుని ముగిస్తాడు. 1972లో ఆ పాట ఆరో నంబరుకి వెళ్లింది. పది లక్షల కాపీలు దాటింది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత అందరూ అతన్ని ‘గార్డెన్ పార్టీ’ పాడమని అడగడం మొదలుపెట్టారు!

ఈ పాట నేను చాలా ఏళ్లు నా పాటలాగే విన్నాను. నేను రిక్, మా నాన్న ఆజీ. వేషం కట్టించింది ఆయన, పాడించింది ఆయన, గొంతు మారాక కూడా ఆ నవ్వు వదిలిపెట్టనిది ఆయన చుట్టాలు. ఇందాక తర్వాత చెప్తానన్న కారణం అదే. ఇంజనీరింగ్‌లో చేరిన రోజు హమ్మయ్య, దిండు విప్పేశాను అనుకున్నాను.

పోయిన నెల ఒకరోజు రాత్రి, అమెరికావాళ్లతో కాల్ అయ్యేసరికి ఒంటిగంటయింది. నిద్రపట్టక ఈ పాట పెట్టుకున్నాను. మధ్యలో ఉన్నట్టుండి ఒక చీటీ గుర్తొచ్చింది.

ఆర్కెస్ట్రా చూసినవాళ్లకి చీటీల సంగతి తెలుసు. కింద కూర్చున్నవాళ్లు కావలసిన పాట కాగితమ్ముక్క మీద రాసి, పదో ఇరవయ్యో నోటుకి చుట్టి స్టేజీ మీదికి పంపిస్తారు. పదేళ్లు దాటాక నా ఘటోత్కచుడి డిమాండ్ కొంచెం తగ్గింది కాబట్టి, ఆ చీటీలు తీసుకుని నాన్నకి అందించడం నా డ్యూటీ.

నాన్న సొంతంగా కట్టుకున్న ట్యూను ఒకటుంది. మాటలు లేవు, పేరు లేదు. ప్రోగ్రాం అయ్యి తెల్లారుజామున ఇంటికొచ్చాక, అమ్మ కాఫీ పెట్టేలోపు, కీబోర్డు సౌండు బాగా తగ్గించి వాయించుకునేవారు. నేను నిద్రలో వినేవాణ్ణి. ఒక్కసారే, ఒకే ఒక్కసారి, ఏదో రిసెప్షన్లో భోజనాలు జరుగుతుంటే స్టేజీ మీద దాన్ని మొదలుపెట్టారు. తబలా ఆయన ఆశ్చర్యంగా చూసి, మెల్లగా అందుకున్నాడు. నిమిషం కూడా అయ్యుండదు. కింది నుంచి ఎవరో చీటీ ఇచ్చారు. యాభై రూపాయల నోటు. అప్పట్లో అది పెద్ద చీటీ. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి నాన్న చేతికిచ్చాను. ఆయన ఒక చేత్తో వాయిస్తూనే రెండో చేత్తో చీటీ విప్పి చూశారు. చొక్కా జేబులో పెట్టుకున్నారు. ట్యూను ఆపేసి, చీటీలో ఉన్న హిట్టు పాట అందుకున్నారు. జనం ఈలలు వేశారు. నేనూ గెంతాను, యాభై వచ్చిందని.

పదిహేడేళ్లయింది. ఆ రాత్రి గచ్చిబౌలిలో మంచం మీద కూర్చుంటే అర్థమైంది. తోట విందుకి కొత్త వేషంతో వెళ్లినవాడు నేను కాదు, మా నాన్న. ‘బూ’ అని ఎవరూ అరవలేదు. చీటీ పంపారు. అది మోసుకెళ్లినవాణ్ణి నేను. రిక్‌కి ఆ రాత్రి మీద పాట రాసుకోడానికి బ్యాండూ స్టూడియో ఉన్నాయి. నాన్నకి మర్నాడు ఇంకో పెళ్లి ఉంది, ఆరుగురు వాయిద్యగాళ్లకి డబ్బులివ్వాల్సి ఉంది.

రిక్ కథ ఎలా ముగిసిందో చెప్పి ఆపేస్తాను. 1985లో డిసెంబర్ 31న, కొత్తసంవత్సరం కచేరీకి డాలస్ వెళ్తుండగా, టెక్సాస్‌లో డీకాల్బ్ దగ్గర అతని పాత డీసీ-3 విమానంలో మంటలు రేగాయి. పైలెట్లిద్దరు బతికారు. రిక్, కాబోయే భార్య, బ్యాండువాళ్లు, మొత్తం ఏడుగురు పోయారు. అతనికి నలభై ఐదేళ్లు. 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అతని కవల కొడుకులు మాథ్యూ, గన్నర్ 1990లో సొంత పాటతో ఒకటో నంబరుకి వెళ్లారు. తాత ఆజీ బ్యాండు 1935లో, నాన్న 1958లో, పిల్లలు 1990లో. మూడు తరాలు. ఆ కొడుకులిద్దరూ తర్వాత నాన్న పాటలతో ఊరూరా కచేరీలు చేశారు. వాళ్లకి ఎవరూ వేషం కట్టలేదు, ఎవరూ రాసివ్వలేదు. ఇష్టపడి పాడారు.

వినాలనుకునేవాళ్లు నేను రాసిన వరసలోనే వినండి. పదహారేళ్ల తడబాటు నుంచి ముప్పై రెండేళ్ల నిబ్బరం దాకా ఒక మనిషి పెరగడం వినపడుతుంది. మొత్తం పావుగంటకి కాస్త అటూ ఇటూ... పోనీ ఇరవై నిమిషాలు పెట్టుకోండి, ‘లోన్‌సమ్ టౌన్’ రెండుసార్లు వింటారు కాబట్టి.

నిన్న నాన్నకి ఫోన్ చేసి ఆ ట్యూను ఇంకా గుర్తుందా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

“ఏ ట్యూనురా?”

“అదే నాన్నా, కాఫీకి ముందు వాయించేవాడివి చూడు.”

“అదా... నీకెలా తెలుసు? నువ్వు పడుకుని ఉండేవాడివిగా.” మళ్లీ ఆయనే నవ్వి, “దానికి చీటీ ఎవడు రాస్తాడ్రా?” అన్నారు.

శనివారం రాత్రి బస్సుకి తెనాలి వెళ్తున్నాను. ఆదివారం ఊళ్లో నాన్న ప్రోగ్రాం ఉంది. పర్సులో యాభై రూపాయల నోటు వేరేగా పెట్టుకున్నాను. చీటీ మీద ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. ఆ ట్యూనుకి పేరు లేదు కదా. చివరికి ‘మీ ఇష్టం’ అని రాసి నోటుకి చుట్టాను.